ఊరూరా సంఘం పెట్టాం – మన సంఘం ఏది?

(స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "స్త్రీలు – నాయకత్వం" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నాయకత్వం మీద మనం చాలా శిక్షణలు చూశాం. చార్టుల మీద రాశాం, గ్రూపులుగా కూర్చుని చర్చించాం, భోజనాలయ్యాక నిద్ర రాకుండా ఆటలు కూడా ఆడాం. నాయకురాలికి ఉండాల్సిన లక్షణాలు పది చెప్పమంటే ఇక్కడున్న ఎవరైనా నిద్రలో లేపినా చెప్పగలరు. కాబట్టి నేను లక్షణాల జోలికి పోను. ఒక మనిషి గురించి చెప్పి మొదలుపెడతాను.

మాతో పద్నాలుగేళ్లు పనిచేసిన ఒక సహచరి ఉండేది. పేరు చెప్పను. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసే అమ్మాయిగా చేరింది. పద్నాలుగేళ్లలో నలభై ఊళ్లలో సంఘాలు నిలబెట్టింది. భర్త కొట్టాడని అర్ధరాత్రి వచ్చిన ఆడవాళ్లను తన ఇంట్లో పడుకోబెట్టుకుంది. పోలీస్ స్టేషన్లో ఎస్సై ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడేది. అలాంటి మనిషి ఒకరోజు రాజీనామా కాగితం ఇచ్చి "ఇక చాలక్కా" అంది. అత్తగారికి పక్షవాతం, కూతురు పదో తరగతి, తనకు మోకాళ్ల నొప్పులు – ఇవీ ఆమె చెప్పిన కారణాలు. నిజమే కదా అనుకున్నాం. సభ పెట్టాం, శాలువా కప్పాం, ఫొటో దిగాం.

చాలా రోజుల తర్వాత వాళ్లింటికి వెళ్తే అసలు మాట బయటపడింది. అంతకు ముందు ఏడాది ఆమెను కోఆర్డినేటర్‌గా ఉండమని అడిగారు. ఆమె వద్దంది. ఎందుకని అడిగాను. "రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి. డబ్బులిచ్చే వాళ్లు వస్తే మాట్లాడాలి. నిన్నటిదాకా నా పక్కన కూర్చున్న వాళ్ల మీద అజమాయిషీ చేయాలి. తెలియనిది ఎవరిని అడగాలి? పైవాళ్లను అడిగితే దీనికి చేతకాదనుకుంటారు. కిందివాళ్లను అడిగితే లోకువైపోతాను. నాతో సమానంగా నాకెవరున్నారక్కా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగిన ఆ ప్రశ్నే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. నలభై ఊళ్లలో సంఘాలు పెట్టిన మనిషికి తనకంటూ ఒక సంఘం లేదు. ఊళ్లో ఆడవాళ్లకు "ఒంటరిగా ఉంటే పుల్ల, కలిస్తే మోపు" అని చెప్పేది మనమే. మనం మాత్రం పుల్లల్లాగానే ఉన్నాం.

నడిమి దశ

మన పనిలో మొదటి అయిదేళ్లు ఒక తీరు. ఉత్సాహం ఉంటుంది, నేర్పేవాళ్లుంటారు, తప్పు చేసినా కొత్తమ్మాయిలే అని క్షమిస్తారు. ఇరవై అయిదేళ్లు దాటాక ఇంకో తీరు. అప్పటికి పేరు వస్తుంది, మాటకు విలువ వస్తుంది. ఈ రెంటికీ మధ్య పది, పదిహేనేళ్ల కాలం ఉంది చూడండి, మన ఆడవాళ్లు రాలిపోయేది అక్కడే.

వయసు ముప్ఫై అయిదు, నలభై, నలభై అయిదు. ఇంట్లో పిల్లల చదువులు, పెద్దవాళ్ల జబ్బులు ఒకేసారి మీద పడతాయి. ఒంట్లో మార్పులు మొదలవుతాయి. ప్రాజెక్టు మూడేళ్లకో అయిదేళ్లకో ముగుస్తుంది, తర్వాత జీతం ఉంటుందో లేదో తెలియదు. శిక్షణలన్నీ కొత్తవాళ్లకు, సమావేశాలన్నీ పెద్దవాళ్లకు. నడిమి వాళ్లకు పని ఒక్కటే మిగులుతుంది. ఇదే వయసులో మనతోపాటు చేరిన మగవాళ్లు ఎక్కడున్నారో ఒక్కసారి చూసుకోండి. మన చుట్టుపక్కల సంస్థల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఊళ్లల్లో తిరిగేది ఎవరు, సంతకం పెట్టేది ఎవరు అని ఎదురుగా రాయండి. ఆ కాగితం నా ఉపన్యాసం కంటే బాగా మాట్లాడుతుంది.

మగవాళ్లకు ఈ నడిమి దశలో బలం ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్లకు ప్రత్యేకమైన తెలివి ఏమీ లేదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడతారు. ఏ ఆఫీసులో ఏ ఫైలు ఎక్కడుంది, ఏ సంస్థ ఎవరిని తీసుకుంటోంది, ఏ అధికారి బదిలీ అయ్యాడు, ఎవరికి ఎంత జీతం – అన్నీ అక్కడే తెలుస్తాయి. ఒకరికొకరు మాట సాయం చేసుకుంటారు. దాన్ని ఎవరూ "నెట్‌వర్కింగ్" అని పిలవరు, టీ తాగడం అంటారు. అదే సమయానికి మనం బస్సులో ఉంటాం, ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాలి. ఇద్దరు ఆడవాళ్లు పది నిముషాలు నిలబడి మాట్లాడుకుంటే దానికి మాత్రం "కబుర్లు" అని పేరు పెడతారు.

చరిత్ర ఏం చెబుతోంది?

ఇది ఇప్పటి సమస్య మాత్రమే కాదు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను సేకరించి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం తెచ్చారు. మనలో చాలామంది చదివే ఉంటారు. తుపాకి పట్టినవాళ్లు, కొరియర్లుగా అడవుల్లో తిరిగినవాళ్లు, దళాలకు అన్నం పెట్టినవాళ్లు అందులో మాట్లాడారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ తర్వాత చాలామంది స్త్రీలకు మిగిలిన దారి ఇల్లే. అంతదాకా వచ్చిన ధైర్యం ఒక్కరోజులో ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఒకరితో ఒకరు కలిసి నిలబడే చోటు పోయింది. ఎవరిల్లు వాళ్లకు అయిపోయింది. మల్లు స్వరాజ్యం గారి లాంటివాళ్లు ఉద్యమంలో కొనసాగి, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆమె చివరిదాకా మహిళా సంఘంలో, పార్టీలో మనుషుల మధ్య ఉన్నారు. పోరాడిన వాళ్లందరికీ ఆ అవకాశం దొరకలేదు.

నలభై ఏళ్ల తర్వాత నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం వచ్చింది. దూబగుంట పేరు వినని కార్యకర్త ఉండదు. అక్షరాస్యత కార్యక్రమం నడుస్తున్న రోజుల్లో, రోశమ్మ గారూ ఆ ఊరి ఆడవాళ్లూ కలిసి సారా దుకాణం మూయించారు. ఆ సంగతి చదువుకునే పెద్దవాళ్ల వాచకంలో పాఠంగా వచ్చింది. పక్క ఊళ్ల ఆడవాళ్లు దాన్ని చదివి, "వాళ్లు చేశారు, మనమెందుకు చేయలేం" అనుకున్నారు. 1992లో సారా వేలం పాటలు జరగకుండా అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. సారా తాగితే ఆరోగ్యం పాడవుతుందని అంతకు ముందు ఎంతమంది అధికారులు, ఎంతమంది డాక్టర్లు చెప్పలేదు? ఆ మాటలకు కదలని ఊళ్లు, తమలాంటి కూలికి పోయే ఆడవాళ్లు గెలిచారని వినగానే కదిలాయి. పైనుంచి వచ్చిన బోధకూ, పక్కనుంచి వచ్చిన కబురుకూ ఉన్న తేడా అది.

ఆ తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. 1997లో దాన్ని సడలించారు. అప్పుడు 1992 నాటి ఉప్పెన మళ్లీ లేవలేదు. దీనికి రాజకీయ కారణాలు, ఖజానా లెక్కలు చాలా ఉన్నాయి. నాకు తోచిన ఒక కారణం మాత్రం ఇది. ఉద్యమంలో ముందు నిలబడిన ఆడవాళ్లు ఉద్యమం చల్లారాక ఊరికీ ఊరికీ మధ్య ఒకరినొకరు కలుసుకునే ఏర్పాటు గట్టిగా నిలబడలేదు. పోరాటం నాయకురాళ్లను పుట్టిస్తుంది. వాళ్లను నిలబెట్టేది మాత్రం పోరాటాల మధ్య కాలంలో ఉండే స్నేహం.

జాజం మీద కూర్చున్న ఆడవాళ్లు

మనలాంటి కార్యకర్తలే అలాంటి స్నేహాన్ని నిలబెట్టుకున్న చోటు ఒకటి చెబుతాను. రాజస్థాన్‌లో 1984లో ప్రభుత్వం మహిళా అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరికొక కార్యకర్తను ఎంచుకుంది. ఆమె పేరు సాథిన్, అంటే తోడుగా ఉండే మనిషి. ఎక్కువమంది పేదవాళ్లు, పెద్దగా చదువుకోని వాళ్లు. వాళ్లకు ఇచ్చింది జీతం కాదు, చాలా కొద్దిపాటి గౌరవ వేతనం. కానీ ఆ కార్యక్రమంలో ఒక మంచి పద్ధతి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల సాథిన్లంతా ఒకచోట జాజం పరుచుకుని కూర్చునేవారు. జాజం అంటే మన జంపఖానా. అందుకే ఆ సమావేశానికి కూడా జాజం అనే పేరు. తమ ఊళ్లో జరిగింది చెప్పుకునేవారు, ఏడ్చేవారు, పాడుకునేవారు, మళ్లీ వెళ్లి పనిచేసేవారు. తమ వేతనం, తమ ఉద్యోగ హక్కుల కోసం ప్రభుత్వాన్నే నిలదీసి సంఘం కట్టుకునే శక్తి కూడా వాళ్లకు అలాగే వచ్చింది.

భటేరీ గ్రామంలో సాథిన్‌గా పనిచేసిన భన్వరీ దేవి వాళ్లలో ఒకరు. కుమ్మరి కులస్తురాలు. 1992లో ఒక పసిపిల్ల పెళ్లిని ఆపడానికి ప్రయత్నించినందుకు పెత్తందారీ కులం మగవాళ్లు కక్ష గట్టారు. ఆ ఏడాది సెప్టెంబరు 22న ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. పోలీసులు, డాక్టర్లు, ఊరు – అందరూ ఆమెను అవమానించారు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విముక్తులను చేసింది. అయినా భన్వరీ వెనక్కి తగ్గలేదు. ఆమె ధైర్యం గొప్పది, అందులో అనుమానం లేదు. అయితే ఆ ధైర్యం పక్కన తోటి సాథిన్లు ఉన్నారు, జైపూర్ మహిళా సంఘాలు ఉన్నాయి, వీధుల్లోకి వచ్చిన వేలమంది ఉన్నారు. పని చేసే చోట స్త్రీకి రక్షణ ఏదని "విశాఖ" పేరుతో మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. ఆ మార్గదర్శకాలే 2013లో చట్టమయ్యాయి.

భన్వరీకి ఆ కింది కోర్టులో న్యాయం దొరకలేదు. కానీ ఈ దేశంలో ప్రతి ఆఫీసులో, ప్రతి ఫ్యాక్టరీలో, ప్రతి స్వచ్ఛంద సంస్థలో పనిచేసే స్త్రీకి ఈ రోజు ఒక చట్టం ఉందంటే, దాని మూలం జాజం మీద పక్కపక్కన కూర్చున్న పల్లెటూరి ఆడవాళ్ల దగ్గర ఉంది.

మన తెలుగు పల్లెల్లోనూ ఇలాంటి అనుభవం ఉంది. పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి పనిచేసి, పుస్తకాలు రాయడం, అప్పు వసూలు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం నేర్చుకున్న పేద స్త్రీలు ఇతర గ్రామాలకు వెళ్లి సంఘాలు పెట్టించారు. వాళ్లను మనం సి.ఆర్.పి.లు అంటాం. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమం వచ్చాక మన సి.ఆర్.పి.లు బీహారు, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాలకు కూడా వెళ్లారు. అక్కడి భాష వీళ్లకు సరిగ్గా రాదు. అయినా అక్కడి ఆడవాళ్లు విన్నారు. ఎందుకంటే చెబుతున్నది జీపు దిగిన అధికారి కాదు, నిన్నటిదాకా తనలాగే అప్పుల్లో ఉన్న ఇంకో ఆడమనిషి. ఇంకో లాభం కూడా ఉంది. వెళ్లి చెప్పిన స్త్రీ కూడా మారి వస్తుంది. తన ఊళ్లో పదేళ్లు సభ్యురాలిగా ఉన్న మనిషి పరాయి ఊళ్లో గురువు అయి తిరిగి వస్తుంది.

ఊళ్లో ఆడవాళ్ల విషయంలో ఇంత బాగా తెలిసిన ఈ సూత్రాన్ని మన విషయంలో ఎందుకు పాటించం?

మా రెండో శనివారం

ఆ సహచరి వెళ్లిపోయిన తర్వాత నేను, మరో ఆరుగురం కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టాం. ఏడుగురం ఏడు వేర్వేరు సంస్థల వాళ్లం. అందరికీ పదేళ్లు దాటిన అనుభవం ఉంది. నెలకు ఒకసారి, రెండో శనివారం మధ్యాహ్నం, మాలో ఒకరి ఇంటి వరండాలో కూర్చుంటాం. దానికి పేరు లేదు, బ్యానరు లేదు, మినిట్స్ పుస్తకం లేదు. టిఫిన్ డబ్బాలు తెచ్చుకుంటాం. ఇంటి ఆమె టీ మాత్రమే పెట్టాలి, పిండివంటలు చేయకూడదని మొదటి రోజే తీర్మానం చేశాం. లేకపోతే ఆమె మధ్యాహ్నమంతా వంటింట్లోనే గడిచిపోతుంది!

మొదటి రెండు నెలలు అందరం "అంతా బాగానే ఉంది" అన్నాం. మూడో నెలలో ఒకామె తన జీతం ఎంతో చెప్పింది. గది నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒక్కొక్కరం చెప్పాం. ఒకే రకం పని, ఒకే అనుభవం, జీతాల్లో రెండింతల తేడా ఉంది. ఇద్దరికి ప్రావిడెంట్ ఫండ్ కట్టడం లేదు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. పన్నెండేళ్లుగా ఊళ్లలో కనీస వేతనాల చట్టం గురించి చెబుతున్న మేం, మా జీతం గురించి అడగడం స్వార్థమనుకున్నాం. సేవ అనే మాట మన నోరు ఎలా కట్టేసిందో ఆ రోజు తెలిసింది. ఒకామె ఆ తర్వాతి వారమే తన సంస్థలో అడిగింది. ఒంటరిగా అడిగి ఉంటే గొంతు వణికేదని చెప్పింది. "మీరు ఆరుగురు నా వెనక నిలబడ్డట్టే ఉంది" అంది.

ఇంకో అనుభవం. మాలో ఒకామె ఆరుగురు మాత్రమే పనిచేసే చిన్న సంస్థలో ఉండేది. సంస్థ పెద్ద ఆమెను వేధించేవాడు. "మా దగ్గర కమిటీ లేదు, ఫిర్యాదు చేయాలంటే అతనికే చేయాలి" అని ఊరుకుంది. చాలా నెలల తర్వాత మాకు చెప్పింది. మాలో చట్టం బాగా చదివిన ఇంకొకామె వెంటనే చెప్పింది. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. తేదీలు లెక్క చూస్తే మూడు నెలలకు పది రోజులే మిగిలాయి. ఆ సాయంత్రమే కూర్చుని ఫిర్యాదు రాశాం. ఇద్దరం ఆమెతో కలెక్టర్ ఆఫీసుకు వెళ్లాం.

ఆమె ఆశించినంత న్యాయం జరిగిందని చెప్పలేను. విచారణ జరిగింది, ఆమె మాట రికార్డయింది, చివరికి ఆమె ఆ సంస్థ వదిలేసింది. కానీ ఈ రంగం వదలలేదు. ఈ రోజు ఇంకో సంస్థలో తనే ఆ కమిటీలు ఎలా పనిచేయాలో శిక్షణ ఇస్తోంది. అయిదు నిముషాల సమాచారం, రెండు గంటల తోడు లేకపోతే ఆమెను కూడా ఒక శాలువా కప్పి ఇంటికి పంపేవాళ్లం.

స్నేహమంటే ఓదార్పు మాత్రమే అనుకోకండి. ఒకసారి నేను మా ఫీల్డులో పనిచేసే అమ్మాయిని రిపోర్టు ఆలస్యమైందని ఫోన్లో గట్టిగా కసిరాను. వరండాలో అందరి ముందే. ఫోన్ పెట్టేశాక ఒక స్నేహితురాలు అంది: "పోయిన నెల మీ డైరెక్టరు ఏ మాట అన్నాడని ఏడ్చావో, అదే మాట ఇప్పుడు నువ్వు ఆ పిల్లను అన్నావు." నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మాట నాకు పైవాళ్లు చెప్పరు, వాళ్లకు అది తప్పుగా తోచదు. కిందివాళ్లు చెప్పలేరు, వాళ్లకు భయం. సమానమైన మనిషి ఒక్కతే చెప్పగలదు. అధికారం చేతికొచ్చినప్పుడు మనం చూసిన అధికారాన్నే అనుకరిస్తాం. వేరే రకం నాయకత్వం నేర్చుకోవాలంటే మన మొహం మనకు చూపించే మనుషులు కావాలి.

అందరూ సమానమేనా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "మనమంతా ఆడవాళ్లం, మన బాధలన్నీ ఒకటే" అని మేం కూడా అనుకున్నాం. మా ఏడుగురిలో ఇద్దరు దళిత స్త్రీలు. ఒకరోజు వాళ్లలో ఒకామె అంది: "మీరు ఊళ్లోకి వెళ్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి పని ఏమిటని అడుగుతారు. నేను వెళ్తే ముందు మీరెవరమ్మా అని అడుగుతారు. జవాబు విన్నాక కుర్చీ వస్తుందో లేదో చూడాలి. నా పదిహేనేళ్ల అనుభవం ప్రతి ఊళ్లో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది." మాకు కోపం రాలేదని చెప్పను. మేం కులం పాటించం కదా అని వాదించబోయాం. తర్వాత నోరు మూసుకుని విన్నాం. 1995లో రూత్ మనోరమ గారి నాయకత్వంలో దళిత స్త్రీలు జాతీయ స్థాయిలో విడిగా సమాఖ్య ఎందుకు ఏర్పాటు చేసుకున్నారో అప్పుడు నాకు ఇంకొంచెం అర్థమైంది. తమతో నిజంగా సమానమైన వాళ్లు ఎవరో ఎంచుకునే హక్కు వాళ్లకుంది. దళిత, ఆదివాసీ, ముస్లిం సహచరులు తమలో తాము విడిగా కూర్చుంటే దాన్ని చీలిక అనకండి. అది వాళ్ల జాజం. అవసరమైనప్పుడు రెండు జంపఖానాలు పక్కపక్కన పరుచుకోవచ్చు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. నలుగురం కలిసి చిన్న ముఠాగా మారిపోవచ్చు. పదవులు మనలో మనమే పంచుకోవచ్చు. మన స్నేహితురాలు తప్పు చేస్తే కప్పిపుచ్చవచ్చు. మగవాళ్ల టీ కొట్టు దగ్గర మనం తప్పుపట్టింది దీన్నే కదా. అందుకే ఏడాదికొకసారైనా ఇద్దరు కొత్తవాళ్లను కలుపుకోవాలి. వచ్చిన సమాచారం ఫీల్డు కార్యకర్తలకు కూడా చేర్చాలి.

ఏం చేయవచ్చు?

మా అనుభవంలో నిలిచిన పద్ధతులు కొన్ని చెబుతాను, మీకు వీలైనట్టు మార్చుకోండి.

ఆరు నుంచి పదిమంది చాలు. ఒకే సంస్థలో ఒకరికొకరు పై అధికారి, కింది ఉద్యోగి అయినవాళ్లు ఒకే బృందంలో ఉండకపోవడం మంచిది. తేదీ మారకూడదు. "వీలున్నప్పుడు కలుద్దాం" అన్నామంటే ఆడవాళ్లకు ఎప్పటికీ వీలుండదు. ప్రతి ఒక్కరికీ పదిహేను నిముషాలు ఆమెవే. ఆ సమయంలో సలహాలు ఇవ్వకూడదు, అడిగితేనే ఇవ్వాలి. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి. ప్రతిసారీ ఒక పనికొచ్చే విషయం నేర్చుకోవాలి. గృహహింస చట్టం కింద రక్షణాధికారి దగ్గర నివేదిక ఎలా రాయించాలి, బడ్జెట్ ఎలా చదవాలి, సమాచార హక్కు దరఖాస్తు ఎలా పెట్టాలి – ఎవరికి ఏది వస్తే అది. ఇంగ్లీషు రిపోర్టు రాయడం మాలో ముగ్గురు అలాగే నేర్చుకున్నారు. బస్సు చార్జీలకు ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. దూరం నుంచి వచ్చే ఆమె చార్జీలు అందులోంచి ఇవ్వండి.

సంస్థల పెద్దలు ఇక్కడ కొందరున్నారు. వాళ్లకు ఒక విన్నపం కాదు, ఒక డిమాండు. నెలకు ఒక పూట మీ నడిమి కార్యకర్తలకు ఇవ్వండి. దాన్ని సెలవుగా కాకుండా పనిగా లెక్కించండి. అక్కడ ఏం మాట్లాడుకున్నారని రిపోర్టు అడగకండి. శిక్షణకు మనిషికింత అని ఖర్చు రాస్తారు కదా, అందులో కొద్ది భాగం చాలు. ఆమె వెళ్లిపోయాక కొత్త మనిషిని వెతికి, నేర్పి, నిలబెట్టడానికి అయ్యే ఖర్చు లెక్క వేసుకోండి.

ఇది మన సుఖం కోసం మాత్రమే అడుగుతున్నది కాదు. స్థానిక సంస్థల్లో మూడోవంతు స్థానాలు 1993లో రాజ్యాంగ సవరణతో వచ్చాయి. మన రాష్ట్రంలో 2011లో సగం చేశారు. చట్టసభల్లో మూడోవంతు కోసం 2023లో చట్టం వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 543 మందిలో గెలిచిన స్త్రీలు 74 మంది. రేపు కావాల్సిన ఆ నాయకురాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? కొందరైనా మన మధ్యనుంచే రావాలి. పదేళ్లు, పదిహేనేళ్లు జనంలో పనిచేసిన వాళ్లు నలభై ఏళ్లకే ఇంటిదారి పడితే ఆ కుర్చీల్లో మళ్లీ ఎవరి భార్యలు, ఎవరి కోడళ్లు కూర్చుంటారో మనకు తెలుసు.

ముగించే ముందు నా సహచరి సంగతి చెప్పాలి. ఆమె ఉద్యోగంలోకి తిరిగి రాలేదు. ఆ అవకాశం మేమే పోగొట్టాం. కానీ ఏడాదిగా ఆమె మా రెండో శనివారానికి వస్తోంది. కొత్తగా కోఆర్డినేటర్లు అయినవాళ్లు ఆమెను అడుగుతారు, స్టేషన్లో ఎస్సైతో ఎలా మాట్లాడాలక్కా అని. "ముందు కుర్చీ లాక్కుని కూర్చో, తర్వాత మాట్లాడు" అంటుంది. పోయినసారి ఆమెను నేను అడిగాను, ఆ రోజుల్లో ఈ వరండా ఉండి ఉంటే నువ్వు కోఆర్డినేటర్ అయ్యేదానివా అని. కాసేపు ఊరుకుంది. "అయ్యేదాన్నో లేదో తెలియదు గానీ, వద్దని చెప్పే ముందు మీ ఆరుగురినీ అడిగేదాన్ని" అంది.

ఈ రోజు భోజనానికి లేచే ముందు మీలో ప్రతి ఒక్కరూ ఒక చిన్న పని చేయండి. వేరే సంస్థలో, మీ అంత అనుభవంతో పనిచేస్తున్న ముగ్గురు స్త్రీల పేర్లు రాసుకోండి. వాళ్లలో ఒక్కరైనా ఈ హాల్లోనే ఉంటారు. వెళ్లి పక్కన కూర్చోండి. ప్రాజెక్టు ఎలా ఉందని అడగకండి. నువ్వెలా ఉన్నావని అడగండి.

వచ్చే రెండో శనివారం ఎవరింట్లోనో కూడా అక్కడే తేల్చుకోండి.

సెలవు.